బేరానికి ముందు బొమ్మను చేతిలోకి తీసుకోండి

హైదరాబాదు వెళ్ళినవాళ్ళు మాదాపూర్ శిల్పారామం చూడకుండా రారు. పిల్లలకు ఆటలు కావాలి, శ్రీవారి కళ్ళు మిర్చిబజ్జీల వైపు వెళతాయి. మీరు మాత్రం ముందుగా ఆరుబయట చేతిపనివాళ్ళు పెట్టుకున్న అంగళ్ళ వైపు నడవండి. అదీ వెలుతురు ఉండగానే సుమా! దీపాల కింద ఏ రంగైనా ముద్దుగానే కనిపిస్తుంది.

కలంకారీ చీర నచ్చిందా? తిరగేసి చూడండి. స్క్రీన్ ప్రింటయితే చాలావరకు వెనకవైపు వెలవెలబోతుంది. పెడన అచ్చులదీ, శ్రీకాళహస్తి కలానిదీ అయితే రంగు బట్టలోకి దిగి ఉంటుంది. కాళహస్తి గుడ్డను కరక్కాయ, పాలు కలిపి నానబెడతారు కనుక కొత్తలో ఒక వాసన కూడా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకు చూడండి, నవ్వేవాళ్ళు నవ్వుతారు!

ఏటికొప్పాక లక్కపిడతల సంగతి వేరు. గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను అదిమితే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే ఆ నునుపు. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇక కొండపల్లి బొమ్మలు. ఇక్కడే నా పరువు పోయింది. ఎడ్లబండి ధర వినగానే అలవాటుగా, "సగానికిస్తావా?" అన్నాను. ఆ అంగడావిడ కోప్పడలేదు. బండి నా చేతిలో పెట్టి, "ఇందులో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టమ్మా" అంది. చక్రాలు, కాడి, ఎద్దుల కొమ్ములు, చెవులు, తోలేవాడి చేతులు... మధ్యలోనే లెక్క తప్పాను. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, ఒక్కో ముక్కా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, అప్పుడు గానీ రంగులు వెయ్యరట. అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను.

బేరమే ఆడొద్దనడం లేదు. కొని తెచ్చి అమ్మేవాళ్ళూ ఉంటారు, వాళ్ళతో ఆడండి. "మీరే చేస్తారా?" అని ఒక్క మాట అడగండి. చేసేవాళ్ళయితే ధర మానేసి పని గురించి చెప్పడం మొదలుపెడతారు.

వెళ్ళేటప్పుడు గుడ్డసంచీ, పాత పేపర్లు, చిల్లర మరవకండి. ఇంటికొచ్చాక కొండపల్లి బొమ్మను నీళ్ళతో కడగొద్దు, మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు. కొలువు దించాక శుభ్రంగా కడిగిన పాపానికి మా అంబారీ ఏనుగుకు తొండం ఊడింది. ఫెవికాల్‌తో అతికించాను గానీ, కాస్త పక్కకు తిరిగింది.