ఇంటిలో బరువుల సాధన: మొదట కొనవలసినదేమి?

జూబిలీహిల్స్‌కు చేరువనే యున్న కృష్ణానగర్‌లో చలనచిత్ర పరిశ్రమను నమ్ముకొని వచ్చిన యువకులు అనేకులు నివసించుచున్నారు. వారిలో జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్లు, డ్యాన్సర్లు గలరు. ఇద్దరు ముగ్గురు కలసి ఒక గది అద్దెకు తీసుకొందురు. పలువురకు దేహమే పెట్టుబడి. నెలనెలా జిమ్ముకు రుసుము కట్టలేక, ఇంటిలోనే బరువులెత్తుదమని తలచి, చేతిలో కొంచెము సొమ్ము ఆడిననాడు బెంచీతో సహా పెద్ద సెట్టు నొకటి తెచ్చుకొందురు. బెంచీ గదిలో సగము నాక్రమించును. రాడ్డు గోడకు తగులును. కొలది నెలలకు దానిపై తుండుగుడ్డలు ఆరుచుండును. ఆ నెల అద్దె మాత్రము బాకీగనే యుండును.

కావున ఏమి కొనవలెనని యోచించుటకు ముందు, ఎంత చోటున్నది, ఎవరి తోడున్నది అని చూచుకొనవలెను. పోటీలలో పురుషులు వాడు రాడ్డు బరువు 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు. స్త్రీల రాడ్డు 15 కిలోలు. ఒక్క ప్లేటైనను తగిలింపక ముందే అంత బరువు! చిన్న గదిలో దానిని త్రిప్పుటకే వీలుండదు. మరియు బెంచీపై వెల్లకిల పరుండి ఒంటరిగా రాడ్డునెత్తుట అపాయకరము. చేయి సడలినచో అది ఛాతీపైనో మెడపైనో పడును, తీయువారుండరు. నేలపై పరుండి రెండు చేతుల డంబెళ్లతో అదే సాధన చేసినచో, మోచేతులు నేలకు తగిలి ఆగును. అలసిన యెడల డంబెళ్లను ప్రక్కకు దించవచ్చును.

ప్లేట్లు మార్చుకొను డంబెల్ రాడ్లు రెండు చాలునని మా అభిప్రాయము. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడవలెను. రాడ్డుకు రెండు కొసలు, చేతులు రెండు. కనుక ప్రతి పరిమాణములోను నాలుగేసి ప్లేట్లు కావలెను. అరకిలోవి నాలుగు, 1.25 కిలోలవి నాలుగు, 2.5 కిలోలవి నాలుగు కొన్నచో మొత్తము 17 కిలోలగును. రాడ్డు రెండు కిలోలనుకొందము. అప్పుడు ఒక్కొక్క చేతిలో 2, 3, 4.5, 5.5, 7, 8, 9.5, 10.5 కిలోలు క్రమముగా పట్టవచ్చును. అరకిలో ప్లేట్లు పిల్లల ఆట వస్తువులని నవ్వి విడిచినవాడు, 4.5 నుండి తిన్నగా 7కు దుముకవలసి వచ్చును. అనగా ఒక్కసారిగా సగమునకు పైగా పెంచుట! తొడలు దానిని ఓర్చుకొనవచ్చును, భుజము ఓర్వదు. భుజము పట్టుకొన్న ఫైటరుకు ఆ వారము పని లేదు, కూలి లేదు.

రెండున్నర కిలోల విలువ మన తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతమునకు చెందిన శ్రీమతి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు ఎత్తి, మొత్తము 240తో కాంస్య పతకము గెలిచిరి. స్వర్ణ, రజతములు పొందినవారు ఎత్తినది 242.5 మాత్రమే.

దుకాణములో రెండు రకముల ప్లేట్లుండును. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి చవక. కాని అదే బరువునకు అవి లావు. రాడ్డుపై చోటు త్వరగా నిండును. క్రింద పడిన పగులును. పోత ఇనుపవి తుప్పుపట్టవచ్చునేమో గాని చాలకాలము మన్నును. సొమ్ము తక్కువైనచో పాత ఇనుప ప్లేట్లు కొనుటయే మేలు. పైన వ్రాసిన అంకెను నమ్మక త్రాసులో తూచి చూడవలెను. కొసల బిరడాల మరలు అరిగినవేమో పరీక్షింపవలెను. ఎత్తుచుండగా ప్లేటు జారిన పాదము నలుగును. మేడమీద నుండువారు దళసరి రబ్బరు చాప తప్పక కొనవలెను. అది క్రింది వాటావారితో సఖ్యత కొరకు.

ఇవి కొనుటకు ముందు ఒక నెల దండీలు, బస్కీలు తీయుడని మా సలహా. దానికి ఖర్చు లేదు, నెల తిరుగునప్పటికి ఉత్సాహము నిలుచునో లేదో తెలియును. నర్తనశాలలో (1963) భీమునిగా కనిపించిన దండమూడి రాజగోపాలరావుగారు బరువులెత్తుటలో పేరు గడించినవారే. అట్టి దేహము పదిహేను దినములలో వచ్చునది కాదు. రక్తపోటు గాని, గిలక జారిన బాధ గాని యున్నవారు వైద్యుని అడిగిన పిమ్మటనే మొదలిడవలెను. ఊపిరి బిగబట్టి ఎత్తరాదు.

పండ్రెండుమార్లు వంకర లేకుండ ఎత్తగలిగిననాడు తరువాతి మెట్టునకు పోవచ్చును. 10.5 కిలోలు కూడ తేలికయైనప్పుడు 5 కిలోల ప్లేట్లు నాలుగు తెచ్చుకొనిన చాలును. పోవునప్పుడు రాడ్డును వెంట తీసుకొనిపొండు. ప్లేట్ల రంధ్రములు అన్నియు ఒకే కొలతలో నుండవు.