తాళం తప్పితే తూటా పేలదు

మా మేనల్లుడు తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మొన్న ఏలూరు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపి, చెవుల్లో బ్లూటూత్ బడ్స్ పెట్టి, "ఒక్కసారి ఆడి చూడు మావయ్యా" అన్నాడు. తెర మీద రాక్షసుడు వస్తున్నాడు. మౌస్ నొక్కాను. తుపాకీ పేలలేదు. టపటపా నాలుగుసార్లు నొక్కాను. ఊహూ. వాడు నింపాదిగా వచ్చి నన్ను చంపేశాడు. "తుపాకీ చెడిపోయిందిరా" అన్నాను. "తుపాకీ కాదు, నీ తాళం" అని నవ్వాడు.

ఆ ఆట పేరు 'బీపీఎం: బుల్లెట్స్ పర్ మినిట్'. 2020 సెప్టెంబరులో వచ్చింది. సంగీతం వాళ్ల భాషలో బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలు పడతాయన్న లెక్క. 120 అంటే అర సెకనుకో దెబ్బ. ఈ ఆటలో వెనక రాక్ సంగీతం మోగుతూ ఉంటుంది. సరిగ్గా దెబ్బ మీద నొక్కితేనే తూటా బయటికొస్తుంది. తూటాలు నింపుకోవడం, పక్కకు దూకడం కూడా దెబ్బ మీదే. మామూలు తుపాకీ ఆటల్లో ముందు కాల్చినవాడు బతుకుతాడు. ఇక్కడ ముందు కాల్చడమూ తప్పే.

కోలాటం ఆడినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. చిన్నప్పుడు కొల్లేటి లంకలో మా అమ్మమ్మగారి ఊళ్లో, పెద్దింట్లమ్మ జాతర ముందు రాత్రుళ్లు కోలాటం నేర్పేవారు. గురువు మధ్యలో నిలబడి తాళాలు వాయిస్తూ పాడేవాడు. పక్కవాడి కోల కనిపిస్తోంది కదా అని ముందే కొడితే అది గాలిలో పోయేది. ఆలస్యం చేస్తే మన వేళ్ల మీద పడేది. కోల ఎక్కడుందో చూడ్డం కంటే పాట ఎక్కడుందో వినడం ముఖ్యమని వేళ్లు వాచాక తెలిసింది.

మనిషి చెయ్యి గడియారం కాదు కాబట్టి, ఇలా తాళం మీద నడిచే వీడియో ఆటల్లో దెబ్బకు అటూ ఇటూ కొంచెం వెసులుబాటు ఇస్తారు. తప్పితే ఎంతవరకు క్షమించాలన్న దగ్గరే ఈ ఆటలు ఒకదానికొకటి వేరవుతాయి. 2001లో జపాన్ రూపకర్త తెత్సుయా మిజుగుచి తెచ్చిన 'రెజ్' అందరికంటే దయగలది. మనం ఎప్పుడు కాల్చినా ఆ చప్పుడును అదే తాళంలోకి సర్దుకుంటుంది. 2022లో వచ్చిన స్వీడన్ వాళ్ల 'మెటల్: హెల్‌సింగర్' మధ్యరకం. తాళం తప్పినా తూటా పేలుతుంది గానీ దెబ్బలో పస ఉండదు. తాళం నిలబెట్టుకుంటూ పోతే స్కోరు రెట్టింపులవుతూ 16 రెట్లకు చేరుతుంది. ఒక్కో మెట్టుకూ వాద్యాలు చిక్కబడతాయి. చివరి మెట్టు మీదే గాయకుడి గొంతు వినిపిస్తుంది. సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ బృందపు సెర్జ్ తంకియాన్ లాంటివాళ్లు అందులో పాడారు. పాట వినాలంటే బాగా ఆడి సంపాదించుకోవాలన్నమాట! నాకు నచ్చిన ఎత్తుగడ ఇదే.

ఆడేవాళ్లు కూడా ఎక్కువగా మెచ్చుకునేది ఆ పాటనే. ఎనిమిది నరకాలు దాటితే అయిపోతుంది, ఇంత చిన్న ఆటా అని గొణిగేవాళ్లూ ఉన్నారు. బీపీఎం మీద ఫిర్యాదు వేరు: తెరంతా గాఢంగా పూసిన రంగుల్లో శత్రువు సరిగా ఆనడని. సంగీతానికి మాత్రం ఎక్కువమంది ఓటేశారు.

ఇక రెండింటికీ తప్పని మాట, "నాకు తాళజ్ఞానం లేదు, ఇది నా ఆట కాదు" అనేది. చాలాసార్లు తప్పు చెవిది కాదు, చెవిలో పెట్టుకున్నదానిది. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యంగా రావడం మామూలే. సినిమా చూసేటప్పుడు అది పట్టదు. కానీ అర సెకనుకో దెబ్బ పడే పాటలో అయిదో వంతు సెకనంటే, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడంలో సగానికి కాస్త తక్కువ. గురువు పొరుగూళ్లో నిలబడి పాడుతుంటే ఇక్కడ కోలాటం ఆడినట్టు!

మేనల్లుడు అటక మీంచి పాత వైరు ఇయర్‌ఫోన్లు తీసిచ్చాడు. రెండో ఆటలో నేనూ ముగ్గురు రాక్షసుల్ని పడగొట్టాను. కాబట్టి మీ పిల్లలు ఇలాంటి ఆట చేతికిస్తే, ముందు బ్లూటూత్ తీసేయండి. సెట్టింగుల్లో శబ్దాన్ని చేతితో సరిచూసుకునే చోటుంటే అది ఒకసారి చేసుకోండి. అప్పటికీ తూటా పేలకపోతే అప్పుడు మీ తాళాన్ని అనుమానించండి.