శనైశ్చరుని గమనము - బడిలో దూరదర్శిని

పావగడకు శనైశ్చరాలయము వలన ప్రసిద్ధి గలదు. శనైశ్చరుడనగా మెల్లగా నడచువాడు. ఈ నామమునందలి ఖగోళ సత్యమును ఆ ఊరి విద్యార్థులు స్వయముగా కొలిచి చూచుట యెట్లన్నదే ఈ వ్యాస విషయము.

బడి నడచునది పగలు. గ్రహములు కనబడునది రాత్రి. పెద్ద దూరదర్శినిని ప్రతి బడియు కొనజాలదు. ఈ రెండు చిక్కులను దూరనియంత్రణము తీర్చుచున్నది. లడఖ్‌లోని హాన్లే యందు సుమారు 4,500 మీటర్ల ఎత్తున నున్న హిమాలయ చంద్ర దూరదర్శినిని శాస్త్రజ్ఞులు 2001 నుండి బెంగుళూరు చెంతనున్న హొసకోటెలో కూర్చుండియే నడపుచున్నారు. అది పరిశోధనకై యేర్పడినది. లాస్ కంబ్రెస్ వేధశాల వారు మాత్రము హవాయి మొదలగు తావులందలి తమ దూరదర్శినులలో కొంత కాలమును విద్యకై కేటాయించుచున్నారు. పావగడలో ఉదయము పదకొండున్నర అయినపుడు హవాయిలో ముందునాటి రాత్రి ఎనిమిది గంటలు!

అయితే చిత్రము చూచుటతో విద్య ముగియరాదు. శని సూర్యుని సమీపించు వారములు తప్ప, నెలనెలా ఆ గ్రహమున్న దిక్కును విద్యార్థులే లెక్కించి, ఆ అంకెలను దూరదర్శినికి పంపి, ఫలితమును గళ్ల కాగితముపై గుర్తింపవలెను. వేగముగా తిరుగు భూమి శనిని దాటిపోవునపుడు అది వెనుకకు నడచినట్లు తోచును. అయినను ఏటికి సగటున 12 డిగ్రీలు ముందుకు సాగును. ఒక రాశి 30 డిగ్రీలు గనుక దానిని దాటుటకు సుమారు రెండున్నర యేండ్లు. ఏలినాటి శని ఏడున్నర యేండ్లన్న పెద్దల లెక్క మూడు రాశుల ప్రయాణమే యని అప్పుడు బోధపడును.

ఇంట తెలుగు, బడిలో కన్నడము గల పిల్లలకు ఈ పాఠమును ఇంటి మాటలలోను చెప్పవలెను. అంతర్జాలము గల గదియు, ఓపికగల ఉపాధ్యాయుడు నున్నచో, తాత చెప్పిన లెక్కను మనుమడు తానే సరిచూచుకొనగలడు.