డాక్టరేట్ చేతికొచ్చింది... ఆ తర్వాత?
గచ్చిబౌలిలో జీవశాస్త్ర పరిశోధకులకు అవకాశాలు

గచ్చిబౌలి: ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆపైన పిహెచ్.డి. అయిదారేళ్లు. పేరు ముందు 'డాక్టర్' చేరేసరికి వయసు ముప్ఫయికి చేరుతుంది. "ఇంకా చదువేనా? ఉద్యోగం ఎప్పుడు?" అని ఇంట్లో అడగడం మొదలవుతుంది. అధ్యాపక పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు. ఈ సంధికాలంలో ఆసరాగా నిలిచేది పోస్ట్ డాక్టోరల్ పరిశోధన.

ఇది మరో డిగ్రీ కాదు. పరీక్షలుండవు, పట్టా ఇవ్వరు. ఒక ప్రొఫెసర్ ప్రయోగశాలలో చేరి, నెలనెలా జీతం తీసుకుంటూ రెండు మూడేళ్లు పరిశోధన సాగించాలి. రేపు సొంత ప్రయోగశాల నడపగలనని ఇక్కడే రుజువు చేసుకోవాలి.

టమాటా నుంచి మందుల దాకా

1974లో ఏర్పడి, తొలినాళ్లలో నాంపల్లిలోని సరోజినీ నాయుడు ఇంట్లో నడిచిన హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి గచ్చిబౌలిలో జీవశాస్త్రాల స్కూలు ఉంది. బయోకెమిస్ట్రీ, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, బయోటెక్నాలజీ విభాగాలలో పరిశోధనలు జరుగుతున్నాయి. మన రైతు పండించే టమాటా జన్యువులపై ఇక్కడ ప్రత్యేక కేంద్రమే ఉండటం విశేషం. సి.సి.ఎం.బి., జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ కూడా నగరంలోనే ఉన్నందున ఒకచోట కుదరకపోతే మరోచోట ప్రయత్నించే వీలుంది.

దారులు రెండు

మొదటిది ప్రాజెక్టులో రీసెర్చి అసోసియేట్ ఉద్యోగం. ప్రొఫెసర్‌కు నిధులు మంజూరైనప్పుడు ప్రకటన వెలువడుతుంది, ఇంటర్వ్యూ ఉంటుంది. 2023 జనవరి నుంచి వర్తింపజేసిన కేంద్ర ఉత్తర్వుల ప్రకారం నెలకు 58 వేలు, 61 వేలు, 67 వేలు అని మూడు అంచెలున్నాయి. ఇంటి అద్దె భత్యం అదనం. అయితే ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది.

రెండవది సొంతంగా ఫెలోషిప్ సంపాదించుకోవడం. జాతీయ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ గడువు రెండేళ్లు. దీనిని ఇదివరకు సెర్బ్ ఇచ్చేది. 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌లో ఆ సంస్థ కలిసిపోయింది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ అసోసియేట్‌షిప్‌లు వేరే ఉన్నాయి. ఆ శాఖ, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో నెలకొల్పిన ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

వయసుతో చిక్కు

జాతీయ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35 ఏళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, వికలాంగులకు అయిదేళ్ల సడలింపు ఉంది. థీసిస్ ఆలస్యమైన వారికి మిగిలే వ్యవధి స్వల్పమే. కనుక థీసిస్ రాస్తున్నప్పుడే తమకు నచ్చిన ప్రొఫెసర్‌కు ఉత్తరం రాయడం మంచిది. "మీ దగ్గర ఖాళీ ఉందా?" అని మాత్రమే అడిగితే జవాబు రాదు. ఆయన ప్రచురించిన పత్రాలు చదివి, తాము చేయదలచిన పనిని ఒక పేజీలో వివరించాలి. పిహెచ్.డి. చేసిన చోటు కాక మరో ప్రయోగశాలను ఎంచుకుంటే కొత్త పద్ధతులు పట్టుబడతాయి.

ఈ శ్రమ వృథా పోదు. 2018 నాటి యూజీసీ నిబంధనలలో విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుల వడపోతకు పోస్ట్ డాక్టోరల్ అనుభవానికి ఏడాదికి 2 మార్కులు కేటాయించారు.

ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాదన్నది దేశమంతటా పరిశోధకుల మొర. ముప్ఫయి దాటి, సంసారం మీద పడ్డవారు అప్పులతో ప్రయోగాలు చేయలేరు. మంజూరైన సొమ్ము ఏ నెలకానెల అందేలా చూడవలసిన బాధ్యత నిధులిచ్చే శాఖలదే.