బోట్ మోటార్‌లో వాటర్ ప్రెషర్ తగ్గిందా? విప్పకముందే కారణం ఇలా పట్టుకోండి

ఎండలో గంటసేపు గేమ్ ఆడితే ఫోన్ ఏం చేస్తుందో మనందరికీ తెలుసు. ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకుంటుంది, బ్రైట్‌నెస్ దించేస్తుంది, మరీ ఎక్కువైతే కెమెరా కూడా ఓపెన్ కానివ్వదు. పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్ కూడా ఇదే పని చేస్తుంది. ఇప్పుడొస్తున్న పెద్ద మోటార్లలో ఒక కంప్యూటర్ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కితే, కొన్ని మోడల్స్‌లో కూలింగ్ నీళ్ల ప్రెషర్ పడిపోయినా సరే, అది అలారం మోగించి పవర్ తగ్గించేస్తుంది. తేడా ఒక్కటే. ఫోన్ వేడెక్కితే కాసేపు ఫ్యాన్ కింద పెడతాం. ఒడ్డుకి పది కిలోమీటర్ల దూరంలో మోటార్ వేడెక్కితే పక్కన పెట్టడానికి చోటుండదు.

మనకి సంబంధం లేని సంగతి కాదిది. మన తీరంలో చేపల వేటకి వెళ్లే ఫైబర్ పడవల్లో చాలావాటికి ఈ మోటార్లే ఉంటాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు జనాన్ని బయటికి తెచ్చింది కూడా మోటార్ బోట్లతోనే. వరద నీళ్లంటే బురద, ప్లాస్టిక్ కవర్లు, గుర్రపుడెక్క అన్నీ ఉంటాయి. మోటార్ చల్లబడటానికి పీల్చుకునేది ఆ నీళ్లనే.

ప్రెషర్ తగ్గిందనగానే చాలామంది చెప్పే మాట "ఇంపెల్లర్ మార్చేయ్". సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ స్లో అయిందనగానే "రీస్టార్ట్ చెయ్" అన్నట్టే ఇది. ఒక్కోసారి పని చేస్తుంది, కానీ కారణం తెలియదు. నేను చెప్పేది ఏంటంటే, ప్రెషర్ ఒక్క నంబర్‌నే చూడకండి. ప్రెషర్, టెంపరేచర్, ఆర్‌పీఎం, ఈ మూడూ కలిపి చదివితే ఒక్క బోల్టు విప్పకుండానే తేడా ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

నీళ్లు ఏ దారిలో వెళ్తాయి?

కారుకి ఉన్నట్టు ఔట్‌బోర్డ్ మోటార్‌కి రేడియేటర్ ఉండదు. కింద గేర్‌కేస్ పక్కన చిన్న జల్లెడలా రంధ్రాలు ఉంటాయి. సముద్రపు నీళ్లయినా, చెరువు నీళ్లయినా అక్కడి నుంచే లోపలికి వెళ్తాయి. గేర్‌కేస్ పైభాగంలో వాటర్ పంప్ ఉంటుంది. అందులో రబ్బరు రెక్కలున్న చక్రమే ఇంపెల్లర్. ఇంజిన్ తిరిగినంతసేపూ డ్రైవ్ షాఫ్ట్ దాన్ని తిప్పుతూనే ఉంటుంది.

ఈ ఇంపెల్లర్ పనితీరు ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. స్పీడ్ తక్కువున్నప్పుడు రెక్కలు హౌసింగ్ గోడని రాసుకుంటూ నీళ్లని నొక్కి పైకి తోస్తాయి. స్పీడ్ పెరిగేకొద్దీ రెక్కలు వెనక్కి వంగిపోయి, ఇంట్లో నీళ్ల మోటార్‌లాగా విసిరే పద్ధతిలో పని చేస్తాయి. అందుకే అరిగిన ఇంపెల్లర్ ప్రభావం చాలాసార్లు ముందు ఐడిల్‌లో బయటపడుతుంది.

అక్కడి నుంచి నీళ్లు ఒక ట్యూబ్ ద్వారా పైకెళ్లి సిలిండర్ల చుట్టూ తిరుగుతాయి. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది. మోడల్‌ని బట్టి సుమారు 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుంటుంది. చాలా పెద్ద మోటార్లలో దీనికి తోడు స్ప్రింగ్‌తో పనిచేసే పాపెట్ వాల్వ్ ఒకటి ఉంటుంది. స్పీడ్ పెరిగి ప్రెషర్ ఎక్కువైనప్పుడు అది తెరుచుకుని ఎక్కువ నీళ్లని వదులుతుంది. చివరికి చాలా నీళ్లు పొగతో కలిసి కిందికి పోతాయి. కొద్దిపాటి నీళ్లు మాత్రం మోటార్ వెనక సన్నటి ధారగా బయటికొస్తాయి. దాన్ని టెల్‌టేల్ అంటారు.

ఎంత ప్రెషర్ ఉంటే నార్మల్?

కారు టైర్‌లో 30 పీఎస్ఐ పైన గాలి కొట్టిస్తాం. ఇక్కడ అంత ఉండదు. గేజ్ ఉన్న పెద్ద మోటార్లలో మామూలుగా ఐడిల్‌లో ఒకటి నుంచి మూడు పీఎస్ఐ, ఫుల్ స్పీడ్‌లో 10 నుంచి 20 పీఎస్ఐ ప్రాంతంలో కనిపిస్తుంది. ఇది ఒక అంచనా మాత్రమే. మీ మోడల్‌కి అసలు నంబర్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

నా లెక్క ప్రకారం అంతకంటే ముఖ్యమైనది మీ మోటార్ బాగున్న రోజున చూపించిన నంబర్. ఫుల్ స్పీడ్‌లో 12 చూపించే మోటార్ ఎప్పుడూ అంతే చూపిస్తుంటే కంగారు అక్కర్లేదు. రోజూ 18 చూపించేది ఈరోజు 12 చూపిస్తే మాత్రం ఏదో మారినట్టే.

మూడు రీడింగ్స్ కలిపి చదవడం

ప్రెషర్ తక్కువ, టెంపరేచర్ ఎక్కువ: నీళ్లు నిజంగానే సరిపడా రావట్లేదు. నీళ్లు లోపలికొచ్చే రంధ్రాలు మూసుకుపోయి ఉండొచ్చు, ఇంపెల్లర్ పాడై ఉండొచ్చు, పంప్ హౌసింగ్ అరిగి ఉండొచ్చు, లేదా ట్యూబ్ సీల్ దగ్గర లీక్ ఉండొచ్చు. ఇది అప్పటికప్పుడు మోటార్ ఆపేయాల్సిన పరిస్థితి, ఎందుకంటే నిమిషాల్లో ఇంజిన్ దెబ్బతినొచ్చు.

ఐడిల్‌లో ప్రెషర్ తక్కువ, టెంపరేచర్ కూడా తక్కువ: ఇది వింతగా అనిపిస్తుంది కానీ లాజిక్ సింపుల్. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయింది, లేదా పాపెట్ వాల్వ్ కింద ఇసుక రేణువో, పాత ఇంపెల్లర్ ముక్కో అడ్డుపడి అది పూర్తిగా మూసుకోవట్లేదు. నీళ్లు ఆగకుండా పారిపోతున్నాయి కాబట్టి ప్రెషర్ నిలవదు, ఇంజిన్ వేడి అందుకోదు. ఇక్కడ కొత్త ఇంపెల్లర్ వేసినా ఉపయోగం లేదు. గేజ్ మీద పాత ఇంపెల్లర్, ఇరుక్కున్న వాల్వ్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసేది టెంపరేచరే.

ఐడిల్‌లో బాగుంది, స్పీడ్‌లో లేదా మలుపులో పడిపోతోంది: నీళ్లతో పాటు గాలి కూడా లోపలికి వెళ్తోందని ముందు అనుమానించాలి. మోటార్ మరీ ఎత్తులో బిగించినా, ట్రిమ్ ఎక్కువ పైకి లేపినా ఇలా అవుతుంది. టెస్ట్ ఈజీ. అదే స్పీడ్‌లో ట్రిమ్ కిందికి దించండి. ప్రెషర్ వెంటనే తిరిగొస్తే పంప్ తప్పు కాదు. రాకపోతే రంధ్రాల దగ్గర చెత్త ఉందేమో, లేదా ఇంపెల్లర్ రబ్బరు దాని మధ్యలో ఉన్న బుష్ నుంచి ఊడి జారుతోందేమో చూడాలి.

ప్రెషర్ సున్నా, టెంపరేచర్ నార్మల్, టెల్‌టేల్ ధార గట్టిగా: ఇది ఎక్కువగా సెన్సర్ సమస్య. సెన్సర్ బిగించే సన్నటి రంధ్రంలో ఉప్పు, ఇసుక పేరుకుంటే నీళ్లు దాన్ని చేరవు. పాతకాలపు గేజ్ అయితే దానికెళ్లే సన్న ప్లాస్టిక్ ట్యూబ్ మడతపడి ఉండొచ్చు, చీలి ఉండొచ్చు. మంచి మెకానికల్ గేజ్ ఒకటి తగిలించి పోల్చి చూస్తే తేలిపోతుంది.

ప్రెషర్ బాగుంది, టెంపరేచర్ ఎక్కువ: పంప్ తన పని తాను చేస్తోంది. థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుంది, లేదా సిలిండర్ల చుట్టూ ఉన్న దారుల్లో ఉప్పు గడ్డకట్టింది. ప్రెషర్ ఒక్కటే చూసేవాళ్లు దీన్ని పూర్తిగా మిస్ అవుతారు.

ప్రెషర్, టెంపరేచర్ రెండూ బాగున్నాయి, టెల్‌టేల్ మాత్రం సన్నగా: ఆ చివర రంధ్రంలో ఇసుకో, పురుగు పెట్టిన గూడో ఉండొచ్చు. మోటార్ ఆపేసి మందపాటి నైలాన్ దారంతో శుభ్రం చేస్తే చాలు.

చెక్ చేసే ఆర్డర్

డీబగ్గింగ్‌లో ఒక రూల్ ఉంది. ఖర్చు తక్కువ, టైమ్ తక్కువ పట్టే టెస్ట్ ముందు చేయాలి. ఇక్కడా అంతే.

మొదట మోటార్ పూర్తిగా ఆపేసి, కీ, సేఫ్టీ తాడు తీసేసి, పైకి లేపి నీళ్ల రంధ్రాలు చూడండి. కవరో, నాచో చుట్టుకుంటే అక్కడే కథ ముగుస్తుంది. తర్వాత టెల్‌టేల్, ఆపైన సెన్సర్ రంధ్రం, ట్యూబ్. అప్పటికీ తేలకపోతే థర్మోస్టాట్ తీయాలి. దాన్ని దారంతో కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి వేడి చేస్తే ఏ డిగ్రీ దగ్గర తెరుచుకుంటోందో కళ్లతో చూడొచ్చు. చల్లారాక మూసుకుంటోందా అన్నదీ చూడాలి. వాల్వ్ కూడా అప్పుడే చెక్ చేసేయొచ్చు.

వాటర్ పంప్ చివర్లో వస్తుంది, ఎందుకంటే దానికి గేర్‌కేస్ మొత్తం దించాలి. అలవాటు లేకపోతే మెకానిక్‌కి ఇవ్వడమే మంచిది. కానీ ఏం అడగాలో మీకు తెలిసుండాలి. ఇంపెల్లర్ ఒక్కటే కాదు, హౌసింగ్ లోపలి గోడ, కింద ఉండే స్టీల్ ప్లేట్ మీద గాళ్లు పడ్డాయేమో చూపించమనండి. గాళ్లు పడితే కొత్త ఇంపెల్లర్ కూడా ప్రెషర్ పట్టుకోలేదు. అందుకే వీలైతే పూర్తి కిట్ వేయించడం బెటర్. పాత ఇంపెల్లర్ రెక్క ఒకటి విరిగి మాయమైతే ఆ ముక్క కచ్చితంగా వెతకాలి. అది పైకెళ్లి ఏదో దారిలో అడ్డుపడి ఉంటుంది, తర్వాతి సమస్య దానివల్లే వస్తుంది.

ఇంకో జాగ్రత్త. నీళ్లు లేకుండా మోటార్ స్టార్ట్ చేయొద్దు. ఇంపెల్లర్‌ని చల్లబరిచేది, జారేలా చేసేది ఆ నీళ్లే. పొడిగా తిరిగితే కాసేపట్లోనే రబ్బరు కాలిపోతుంది. ఇంట్లో పైపు తగిలించి నడిపినప్పుడు కనిపించే ప్రెషర్‌ని బట్టి తీర్పు ఇవ్వకండి. పంపుతో పాటు కుళాయి ఫోర్స్ కూడా ఆ నంబర్‌ని మారుస్తుంది. అసలు రీడింగ్ మోటార్ నీళ్లలో ఉన్నప్పుడే తీసుకోవాలి.

గేజ్ లేని చిన్న మోటార్ అయితే?

చిన్న మోటార్లలో సాధారణంగా ప్రెషర్ గేజ్ ఉండదు. ఉన్నది టెల్‌టేల్ ధార ఒక్కటే. అది నీళ్లు పైదాకా వస్తున్నాయని చెబుతుంది కానీ, ఎంత వస్తున్నాయో, ఇంజిన్ అంతటా తిరుగుతున్నాయో లేదో చెప్పదు. ఇక్కడ ఒక చౌక గాడ్జెట్ పనికొస్తుంది. తుపాకీలా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో సిలిండర్ హెడ్ మీద, థర్మోస్టాట్ మూత మీద వేడి చూడొచ్చు. మెరిసే లోహం మీద రీడింగ్ తప్పుగా వస్తుంది కాబట్టి నల్ల టేప్ ముక్క అంటించి దాని మీద కొలవండి. తిరిగే ఫ్లైవీల్‌కి చేతులు, బట్టలు దూరంగా ఉంచాలి.

ఫోన్‌లో లాగ్ పెట్టుకోవడం

కొత్త మోటార్లు చాలావరకు ఎన్ఎంఈఏ 2000 అనే నెట్‌వర్క్‌కి డేటా ఇవ్వగలవు. కార్లలో ఉండే క్యాన్ బస్ మీద కట్టిందే ఇది. అందులో 127489 నంబర్ మెసేజ్‌లో ఇంజిన్ టెంపరేచర్, కూలింగ్ నీళ్ల ప్రెషర్ రెండింటికీ చోటుంది. ఆర్‌పీఎం 127488లో వస్తుంది. సెన్సర్ లేని మోటార్ అయితే ప్రెషర్ గడి ఖాళీగా ఉంటుంది, అది ముందే కనుక్కోండి. ఒక వైఫై గేట్‌వే పెడితే ఇదంతా ఫోన్‌లో చూడొచ్చు, సేవ్ చేసుకోవచ్చు. మెర్క్యురీ లాంటి కంపెనీలకి బ్లూటూత్‌తో పనిచేసే సొంత యాప్స్ కూడా ఉన్నాయి.

గేట్‌వే లేకపోయినా నష్టం లేదు. మోటార్ బాగున్న రోజున ఐడిల్, 2000, 3000, 4000 ఆర్‌పీఎం దగ్గర, ఆపైన ఫుల్ స్పీడ్‌లో ప్రెషర్, టెంపరేచర్ రాసి ఫోన్ నోట్స్‌లో పెట్టుకోండి. రాసేది పక్కనున్నవాళ్లైతే మంచిది, నడిపేవాళ్లు నీళ్లనే చూడాలి. సర్వీస్ చేయించిన ప్రతిసారీ మళ్లీ తీయండి. ఈ పది నంబర్లు ఉంటే, తేడా వచ్చిన రోజున మెకానిక్ అంచనాతో మొదలుపెట్టక్కర్లేదు. ఐడిల్‌లో తగ్గిందా, స్పీడ్‌లో తగ్గిందా, వేడి పెరిగిందా, తగ్గిందా అన్నది మీరే చూపించొచ్చు.