యాంటీబయాటిక్ వ్రాసే ముందు వైద్యునికి తెలియవలసినవి

జ్వరం వచ్చిన రోజే యాంటీబయాటిక్ వ్రాయలేదని అల్లోపతి డాక్టరుగారిని తప్పుపట్టే గృహస్థులు నా వద్దకు తరచు వస్తుంటారు. ఆ మందు వ్రాయడానికి ఆయన ఎన్ని సంగతులు తెలుసుకోవలసి ఉంటుందో వారు ఆలోచించరు.

రోగాన్ని తెలుసుకొనడానికి చరక సంహిత విమానస్థానం మూడు మార్గాలు చెప్పింది: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం. గురుకులంలో మేము వల్లెవేసిన ఈ మూడే యాంటీబయాటిక్ విషయంలోనూ అక్కరకు వస్తున్నాయి.

ఆప్తోపదేశమంటే తెలిసినవారి మాట. ఏ ఇన్ఫెక్షనుకు ఏ మందు తగునో చెప్పే మార్గదర్శకాలను భారత వైద్య పరిశోధన మండలి 2019లో వెలువరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ మందులను మూడు వర్గాలు చేసింది. అమాక్సిసిలిన్ మొదట వాడదగినది. కొలిస్టిన్ చివరి ఆయుధంగా దాచుకోవలసినది. మన ఇళ్ళలో జలుబుకు సైతం మింగే అజిత్రోమైసిన్ నడిమి వర్గంలోనిది, అంటే ఆచితూచి వాడవలసినది! మందుల కంపెనీ ప్రతినిధి ఇచ్చే రంగుల కాగితం కూడా డాక్టరు బల్లమీదికి చేరుతుంది గాని, అమ్మేవాని మాట ఆప్తవాక్యం కాదు.

ప్రత్యక్షం ప్రయోగశాలలో ఉంది. మూత్రమో, రక్తమో, కఫమో కల్చరుకు పంపితే ఏ క్రిమి పెరిగిందో, ఏ మందుకు లొంగుతుందో తేలడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. పెద్ద ఆసుపత్రులు ఈ ఫలితాలను కూర్చి యాంటీబయోగ్రామ్ అనే పట్టిక తయారుచేస్తాయి. ఒక ఊరిలో పనిచేసిన మందుకు మరొక ఊరి క్రిములు లొంగకపోవచ్చు. దేశకాలాలు చూడమని మన శాస్త్రం చెప్పినదీ ఇదే.

అన్నాళ్ళు ఆగలేని రోగికి అనుమానమే శరణ్యం. దానికి ఆధారం రోగి చెప్పే మాట. చిక్కంతా ఇక్కడే. లోగడ పెన్సిలిన్ పడలేదనీ, షాపులో కొన్న బిళ్ళలు రెండు రోజులు మింగి మానేశామనీ చెప్పరు. ఆయుర్వేద మందుల మాట అసలే ఎత్తరు, కోప్పడతారని భయం. శంఖభస్మం, ప్రవాళభస్మం కాల్షియం గలవి. లోహభస్మం, మండూరభస్మం ఇనుము గలవి. వీటితోపాటు సిప్రోఫ్లాక్సాసిన్ గాని, డాక్సీసైక్లిన్ గాని మింగితే రెండూ కడుపులో పెనవేసుకొని, యాంటీబయాటిక్ రక్తంలోకి సరిగా చేరదు. జ్వరం తగ్గదు. క్రిమి మొండిదనుకొని డాక్టరు ఇంకా పెద్ద మందుకు పోతాడు.

డాక్టరు వద్దకు వెళ్ళేటప్పుడు మీ వైద్యుని చీటీని, ఇంట్లో మిగిలిన బిళ్ళల పట్టీలను సంచిలో వేసుకొని వెళ్ళండి. గర్భం, మూత్రపిండాల జబ్బు ఉంటే అడగకముందే చెప్పండి. భస్మాలు ఆపాలో, కొన్ని గంటల ఎడంతో వాడాలో ఇద్దరినీ అడగండి. నా వద్దకు వచ్చేవారికైతే యాంటీబయాటిక్ పూర్తయ్యేవరకు వాటిని ఆపిస్తున్నాను.