ఐర్లండ్ ప్రేమకథ అని డిస్క్ తెస్తే...

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో కోడికూర, సినిమా ఉండాల్సిందే. ఐర్లండ్‌కి ఫ్యాక్టరీ పనికి వచ్చిన అయిదుగురం కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. క్యాంపులో మీకు శుక్రవారం ఎలాగో, మాకు ఆదివారం అలాగ. మొన్న పాత సామాన్ల దుకాణంలో ఒక్క యూరోకి ఒక డీవీడీ దొరికింది. పేరు 'లీప్ ఇయర్'. "మనముండే దేశం సినిమానే కదా, చూద్దాం అన్నా" అన్నాడు జగిత్యాల తమ్ముడు. సరేనన్నాం.

సల్మాన్‌ఖాన్ 'ఏక్ థా టైగర్' (2012) మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో కనిపించే కాలేజీ డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ. ఈ దేశం ఎంత అందంగా ఉంటుందో అప్పుడే చూశారు. 'లీప్ ఇయర్'లోనూ అందానికి లోటు లేదు. లోటంతా కథలోనే.

కథేమిటంటే...

ఈ సినిమా 2010లో వచ్చింది. దర్శకుడు ఆనంద్ టకర్. పేరు చూసి మనవాడేనా అని అందరం లేచి కూర్చున్నాం. హీరోయిన్ ఎమీ ఆడమ్స్ అమెరికాలో ఉంటుంది. ప్రియుడు ఎన్నేళ్లయినా పెళ్లి మాట ఎత్తడు. ఫిబ్రవరి 29న ఆడపిల్లే పెళ్లి చేసుకుంటావా అని అడగొచ్చని ఐర్లండ్‌లో పాత ఆచారం ఉంది. ప్రియుడు పని మీద డబ్లిన్ వెళ్లాడు. వెనకే ఈమె విమానమెక్కింది. తుఫాను వల్ల విమానం వేల్స్‌లో దిగింది. అక్కడ పడవెక్కితే డింగిల్ అనే ఊళ్లో తేలింది. అక్కడ పబ్ నడిపే కుర్రాడు మాథ్యూ గూడ్. 500 యూరోలిస్తే కారులో డబ్లిన్ చేరుస్తానంటాడు. దారి పొడుగునా ఇద్దరికీ పోట్లాటే. చివరికి ఏమవుతుందో మా తమ్ముడు పది నిమిషాల్లోనే చెప్పేశాడు.

వేల్స్ ఉన్నది ఐర్లండ్‌కి తూర్పున. డబ్లిన్ తూర్పు తీరంలోనే ఉంది. డింగిల్ నైరుతి మూల. కాకినాడకు బయల్దేరిన పడవ కన్యాకుమారి చుట్టి మంగళూరులో తేలినట్టుంది! పైగా సినిమాలో చూపించిన ఊరు డింగిల్ కానే కాదు. గాల్వే తీరానికి ఎదురుగా ఉన్న ఇనిష్ మోర్ దీవి. డింగిల్ నుంచి డబ్లిన్ దాదాపు 350 కిలోమీటర్లు. మామూలు మనిషైతే బస్సులో ట్రాలీ వచ్చి, రైలెక్కి, అదే రోజు చేరతాడు. వీళ్లకు రోజులు పట్టాయి.

ఇక ఇక్కడి మనుషులంటే పబ్‌లో కూర్చుని శకునాలు చెప్పే ముసలాళ్లేనట. తెల్లవారుజామున డ్యూటీకి పోయేవాడు ఒక్కడూ కనిపించడు. ఆసుపత్రుల్లో మన దేశం నర్సులు ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ లేరు.

నచ్చింది ఒక్కటే

ఆ పబ్ కుర్రాడు ఒక ప్రశ్న వేస్తాడు. ఇల్లు అంటుకుంది, చేతిలో 60 సెకన్లే ఉన్నాయి, ఏం పట్టుకుని బయటికొస్తావు? చివర్లో ఆమె ఉత్తుత్తి ఫైర్ అలారం మోగిస్తుంది. ప్రియుడు హడావుడిగా ఎలక్ట్రానిక్ సామాన్లు సర్దుకుంటాడు. అప్పుడు ఆమెకు అర్థమవుతుంది.

డిస్క్ ఆపి అదే ప్రశ్న మేమూ వేసుకున్నాం. "పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు" అన్నాం ముగ్గురం ఒకేసారి. నాలుగో ఆయన పదేళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చినవాడు. "అక్కడ నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండేది. నేనేం పట్టుకుని పరిగెత్తాలి?" అని నవ్వాడు. ఐర్లండ్‌లో పనివాడి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఖతార్, ఎమిరేట్స్ చట్టాలూ అదే చెబుతాయి. మీది ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.

జగిత్యాల తమ్ముడు మాత్రం ఫోన్ అన్నాడు. వాడి బిడ్డకిప్పుడు పద్నాలుగు నెలలు. పుట్టినప్పటినుంచి వాడు చూసిందంతా అందులోనే ఉంది.

హీరో గారి అసలు కథ

సినిమా వచ్చిన ఏడాదే మాథ్యూ గూడ్ ఒక బ్రిటన్ పత్రికతో మాట్లాడుతూ, ఇది ఆ ఏడాది అతి చెత్త సినిమా అని చాలామంది అంటారని తానే ఒప్పుకున్నాడు. మరి ఎందుకు చేశాడు? షూటింగ్ ఇంటికి దగ్గర. అప్పుడే బిడ్డ పుట్టింది. వారాంతాల్లో ఇంటికెళ్లి తల్లీబిడ్డల్ని చూసుకోవచ్చని ఒప్పుకున్నాడట.

ఈ సంగతి చెప్పగానే అందరం నవ్వాం. తమ్ముడు నవ్వలేదు. "తప్పేముందన్నా, నాకూ అట్లాంటి పని దొరికితే ఎంత చెత్తదైనా చేస్తా" అన్నాడు. సినిమా మొత్తంలో లేని ప్రేమ ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ డిస్క్ మీకు ఎక్కడైనా కనిపిస్తే కొనకండి. ఆ యూరోతో ఇంటికి ఫోన్ చేయండి.